‘ది హ్యూమన్స్’ నవల ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు చివరి పేజీలు చూడండి

మ్యాట్ హేగ్ రాసిన ‘ది హ్యూమన్స్’ కొనాలనుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో, మంచి రేటింగ్ ఉన్న అమ్మకందారు ‘కొత్తది, ఒరిజినల్’ అని పెట్టిన కాపీ తెప్పిస్తే పైరేటెడ్ ప్రింట్ వచ్చింది. అట్ట చూస్తే ఏ అనుమానమూ రాదు. లోపల మాత్రం రెండు పేజీలు లేవు. అవి కూడా ఈ పుస్తకంలో అస్సలు పోకూడని చోట పోయాయి.

2013లో వచ్చిన ఈ నవలలో కేంబ్రిడ్జ్ గణిత ప్రొఫెసర్ ఆండ్రూ మార్టిన్ రీమన్ హైపోథిసిస్‌ను (ప్రధాన సంఖ్యల గురించి ఇంతవరకు ఎవరూ తేల్చని గణిత సమస్య) రుజువు చేస్తాడు. అంతటి జ్ఞానం మనుషులకు దక్కకూడదని ఒక గ్రహాంతరవాసి అతని రూపంలో భూమ్మీదకు దిగుతాడు. ఆ రుజువు ఆనవాళ్లు చెరిపేయడం, సంగతి తెలిసినవాళ్లను తుడిచేయడం అతని పని. మొదట్లో మన మొహాలు, బట్టలు, తిండి అన్నీ అతనికి వెగటే. ప్రొఫెసర్ ఇంట్లో అతని భార్య ఇసబెల్, కొడుకు గలివర్, న్యూటన్ అనే కుక్క మధ్య ఉంటూ మనిషి అంటే ఏమిటో కొద్దికొద్దిగా తెలుసుకుంటాడు. అలా తెలుసుకున్నదంతా చివర్లో 97 సలహాల జాబితాగా వస్తుంది. నవలంతా నడిచేది ఆ జాబితా కోసమే అన్నా తప్పు లేదు. మాకు వచ్చిన కాపీలో 30వ సలహా తర్వాత పేజీ తిప్పితే 58వది ఉంది! కథ చెప్పేది గ్రహాంతరవాసి కదా, రచయిత కావాలనే అంకెలు దాటేశాడేమో అనుకుని చదువుకుపోయే ప్రమాదం ఉంది. 1 నుంచి 97 దాకా ఒక్క అంకె కూడా తప్పకూడదు. పార్సిల్ విప్పగానే ముందు ఆ జాబితా తీసి చూడండి.

ఈ తప్పు ఎలా జరుగుతుందంటే, పైరసీ ముద్రాపకుల దగ్గర ప్రచురణకర్త ఫైలు ఉండదు. ఒక కాపీ కొని, పేజీ పేజీ స్కాన్ చేసి, ఆ బొమ్మల నుంచే ప్లేట్లు వేస్తారు. స్కాన్ చేసేటప్పుడు ఒక కాగితానికి బదులు రెండు కలిసి తిరిగితే ఎదురెదురు పేజీలు రెండూ పోతాయి. కాబట్టి పేజీ నంబర్లు కూడా రెండు దూకుతాయి. బైండింగ్‌లో ఒక ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట) జారిపోతే మాత్రం పోయేది రెండు పేజీలు కాదు, సాధారణంగా ఒకేచోట పదహారు. అదే ఫారం రెండుసార్లు పడటమూ మామూలే. అందుకని పుస్తకం మధ్యలో పదహారేసి పేజీల దూరంలో నంబర్లు చూసుకుంటూ వెళ్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అచ్చు చూసే పద్ధతి ఇది. ఫోన్ కెమెరాను బాగా జూమ్ చేసి ఒక పేరా మీద పెట్టండి. అసలు ప్రతిలో అక్షరం అంచు నున్నగా ఉంటుంది. స్కాన్ ప్రతిలో సన్నగీతలు తెగిపోతాయి. ఇంగ్లీష్ ‘ఈ’ చిన్న అక్షరంలోని అడ్డగీత మాయమై అది ‘సి’లా కనిపిస్తుంది. నిండుగా ఉండాల్సిన చోట సిరా అలికినట్టు ఉంటుంది. తర్వాత ఒక కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ముందు వైపు పంక్తులూ వెనక వైపు పంక్తులూ దాదాపు ఒకదాని మీద ఒకటి రావాలి. వంకరగా, అర సెంటీమీటరు పైకీ కిందకీ ఉంటే స్కాన్ చేసినదని అనుమానించాలి. బ్రిటిష్ పేపర్‌బ్యాక్‌లకు మామూలుగా వాడే బి-ఫార్మాట్ 129 × 198 మిల్లీమీటర్లు. నకిలీలో కటింగ్ ఎక్కువై కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది, మార్జిన్లు ఇరుకవుతాయి. ఇక గమ్ బైండింగ్. వెన్ను అంచును సరిగ్గా గరుకు చేయకుండా జిగురు పూస్తే కాగితంలోకి అది ఇంకదు. పుస్తకాన్ని మధ్యకు తెరిచి కాస్త నొక్కితే చిటుక్కున విరుగుతుంది, వారం తిరక్కుండా పేజీలు చేతికొస్తాయి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) సరిపోయింది కాబట్టి ఒరిజినలే అనుకోవద్దు. స్కాన్‌తోపాటు ఆ నంబరూ వచ్చేస్తుంది. కానీ నంబరు తప్పితే మాత్రం అది గట్టి ఆధారం. వెనక అట్ట మీది నంబరునూ లోపల కాపీరైట్ పేజీలోని నంబరునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ నవలను బ్రిటన్‌లో కానన్‌గేట్, అమెరికాలో సైమన్ అండ్ షుస్టర్ వేశాయి. ఒక దేశపు అట్టకు ఇంకో దేశపు లోపలి పేజీలు అంటించిన నకిలీ అయితే ఇక్కడే దొరికిపోతుంది. నంబరు కల్పితమా అన్న అనుమానం ఉంటే లెక్క కట్టండి: 13 అంకెల్లో మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో, ఇలా చివరిదాకా గుణించి కూడితే వచ్చే మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి.

ధరను బట్టి కూడా తీర్మానించుకోకండి. అట్ట మీది ధరలో మూడో వంతుకే ‘కొత్తది’ ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. అయితే అసలు ధరకు దగ్గరగా పెట్టి నకిలీ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. కోఠీలోనో, అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదనో కొంటే ఒక సౌకర్యం ఉంది, పుస్తకం చేతిలోకి తీసుకుని ఈ పరీక్షలన్నీ చేశాకే డబ్బులిస్తాం.

ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది, ఇందులో మోసం లేదు. స్టీఫెన్ కారమ్ రాసిన నాటకం పేరు కూడా ‘ది హ్యూమన్స్’. 2016లో ఉత్తమ నాటకంగా టోనీ అవార్డు పొందింది. అది ఒక అమెరికన్ కుటుంబం థ్యాంక్స్‌గివింగ్ భోజనానికి కలిసే కథ, గ్రహాంతరవాసి ఎవరూ ఉండరు. సెర్చ్‌లో రెండూ పక్కపక్కనే వస్తాయి. పేరు కింద రచయిత పేరు చూసి మరీ ఆర్డర్ పెట్టండి. ‘సమ్మరీ’, ‘స్టడీ గైడ్’ అని చిన్న అక్షరాల్లో ఉన్నవి నవలలు కావు, సన్నపాటి పుస్తకాలు.

నకిలీ అని తేలితే రిటర్న్ గడువు లోపలే కదలాలి. అమ్మకందారు పేరు కనిపించేలా పార్సిల్ లేబుల్, రెండు ఐఎస్‌బీఎన్‌లు, దూకిన పేజీ నంబర్లు, జూమ్ చేసిన అక్షరాలు ఫొటోలు తీయండి. కారణం దగ్గర ‘నచ్చలేదు’ అని నొక్కొద్దు, ‘అసలు వస్తువు కాదు’ లేదా ‘లోపం ఉంది’ అని పెట్టండి. రీప్లేస్‌మెంట్ ఇస్తామంటే ఒప్పుకోకండి, అదే కట్టలోంచి ఇంకోటి పంపుతారు. రీఫండే అడగండి.

‘పుస్తకాలకు రిటర్న్ లేదు’ అంటే వినాల్సిన పనిలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం నకిలీ లేదా లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. అందుకని ఫోన్లో మాట్లాడి ఊరుకోకుండా రాతపూర్వకంగా పంపి, ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. ప్రచురణకర్తకు కూడా ఫొటోలతో ఒక మెయిల్ పెట్టండి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద పుస్తక పైరసీ ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు శిక్ష పడే నేరం. ఎవరి దగ్గర కొన్నారో మీ దగ్గర బిల్లు ఉంటేనే ప్రచురణకర్త ముందుకు కదలగలరు, కాబట్టి రీఫండ్ వచ్చాక కూడా ఆ బిల్లు, ఫొటోలు చెరిపేయకండి.