చెరువు సెన్సార్లకు డేటాబేస్ సర్వర్ పెట్టిస్తున్నారా? డబ్బులన్నీ ఇచ్చేముందు ఇది చదవండి

రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ సెన్సార్లు పెట్టుకుంటున్న రైతు సోదరులకు, ముఖ్యంగా మా పశ్చిమ గోదావరి వాళ్ళకి ఈ పోస్టు. నేను 23,000 రూపాయలు, 43 రోజుల రీడింగులు పోగొట్టుకున్నాను. మీకలా జరగకూడదని రాస్తున్నాను.

సెన్సార్ నిమిషానికోసారి డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), టెంపరేచర్, పీహెచ్ పంపుతుంది. వాటిని టైముతో సహా దాచే సాఫ్ట్‌వేర్‌ను టైమ్ సిరీస్ డేటాబేస్ అంటారు. నాకు పెట్టింది ఇన్‌ఫ్లక్స్‌డీబీ. సాఫ్ట్‌వేర్ మంచిదే, ఇప్పటికీ అదే వాడుతున్నాను. నా ఫిర్యాదంతా దాన్ని ఇన్‌స్టాల్ చేసినవాళ్ళ మీదే. వాళ్ళ పేరు ఇక్కడ రాయను, పద్ధతి చెప్తాను, మీరే గుర్తుపట్టగలరు.

మొదట 18,000 తీసుకున్నారు. అందులో 6,000 "లైసెన్స్ ఫీజు" అని బిల్లులో ఉంది. ఇన్‌ఫ్లక్స్‌డీబీ ఓపెన్ సోర్స్ వెర్షన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీ కొటేషన్లో ఆ లైను ఉంటే అక్కడే ఆగి అడగండి. పనికి కూలి తీసుకోవడం న్యాయమే, ఊరికే వచ్చేదానికి లైసెన్స్ అని రాయడం న్యాయం కాదు.

చెరువు గట్టు మీద షెడ్డులో ఉన్న విండోస్ పీసీలో పెట్టారు. జిప్ ఫైల్ విప్పి, నల్ల విండో ఒకటి తెరిచి, అందులో సర్వర్ ఆన్ చేసి, "ఈ విండో మాత్రం మూయకండి సార్" అని చెప్పి వెళ్ళిపోయారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. విండోస్‌లో ఈ సర్వర్ దానంతటది సర్వీసుగా, అంటే పీసీ ఆన్ కాగానే తనంతట తాను నడిచే ప్రోగ్రాముగా, మారదు. ఎన్ఎస్ఎస్ఎం లాంటి చిన్న టూల్‌తో మనమే సర్వీసుగా పెట్టుకోవాలి. లేకపోతే ఆ విండో ఉన్నంతసేపే సర్వర్ ఉంటుంది.

పదకొండో రోజు రాత్రి విండోస్ అప్‌డేట్ అయి పీసీ రీస్టార్ట్ అయింది. విండో పోయింది. సెన్సార్లు పంపుతూనే ఉన్నాయి, తీసుకునేవాడే లేడు. రీడింగులు చేరక అలారం మోగలేదు. రాత్రిపూట ఆక్సిజన్ తయారయ్యేది లేదు, ఖర్చయ్యేదే, అందుకే తెల్లవారుజామునే డీవో బాగా పడిపోతుందని మనందరికీ తెలుసు. 4 గంటలకి కాపలా ఆయన ఫోన్ చేశాడు: "అయ్యగారూ, రొయ్య పైకొచ్చేస్తోందండీ." పరుగెత్తుకెళ్ళి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేశాం. ఆయన టార్చి వేసి చూడబట్టి పంట నిలబడింది. ఆ రోజు పడ్డ టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను.

అడిగితే "విండోస్ ఇంతేనండి, లైనక్స్ వేద్దాం" అని ఇంకో 5,000 తీసుకున్నారు. ఉబుంటు అనే లైనక్స్ వేసి, ఒక్క కమాండ్‌తో డేటాబేస్ ఎక్కించేశారు. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు వచ్చి చూస్తే వెర్షన్ 1.6 అని ఉంది. 2.0 వచ్చింది 2020లో! ఉబుంటులో 'ఇన్‌ఫ్లక్స్‌డీబీ' అని ఊరికే అడిగితే ఉబుంటు వాళ్ళ దగ్గరున్న పాతదే వస్తుంది. తయారుచేసిన కంపెనీ రిపోజిటరీ (వాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉంచే చోటు) కలిపి, 'ఇన్‌ఫ్లక్స్‌డీబీ2' అనే ప్యాకేజీ అడగాలి. ఆ రిపోజిటరీ సైనింగ్ కీ (ఫైళ్ళు అసలువేనా అని సరిచూసే కీ) 2023 జనవరిలో మారింది కాబట్టి అంతకుముందు వీడియోల్లో చూపించిన కమాండ్లు ఎర్రర్ ఇస్తాయి. ఇంకో సంగతి, 1 సిరీస్‌లో పాస్‌వర్డ్ మనం ఆన్ చేస్తేనే ఉంటుంది. నాది ఆఫ్‌లోనే ఉంది. 8086 పోర్టు (నెట్‌వర్క్ నుంచి డేటాబేస్‌లోకి వెళ్ళే దారి) తెరిచి ఉంటే ఆ నెట్‌వర్క్‌లో ఎవరైనా చూడొచ్చు, చెరిపేయొచ్చు.

గట్టిగా అడిగితే మూడోసారి డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే పెట్టెలాంటి దానిలో నడిపే పద్ధతి) వెర్షన్ 2 పెట్టారు. చక్కగా పనిచేసింది, కరెంటు పోయి వచ్చినా తిరిగి లేచింది. నేనూ నమ్మేశాను. 43 రోజుల తర్వాత "అప్‌డేట్ చేస్తాం" అని దూరం నుంచే పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టారు. గ్రాఫులు తెరిస్తే ఖాళీ. డేటా ఉండాల్సిన ఫోల్డర్‌కి వాల్యూమ్ (కంటైనర్ బయట డేటా దాచే చోటు) పేరు ఇవ్వలేదు వాళ్ళు. అలాంటప్పుడు డేటా పేరులేని వాల్యూమ్‌లోకి వెళ్తుంది, కొత్త కంటైనర్‌కి అదెక్కడుందో తెలియదు. అయినా వెతికితే దొరికేదే. కానీ డిస్క్‌లో చోటు కోసమని వాడకంలో లేనివి చెరిపేసే ప్రూన్ కమాండ్ వాల్యూమ్‌లతో సహా కొట్టేశారు. ఏ రాత్రి ఎన్ని ఏరియేటర్లు తిప్పితే డీవో ఎంత నిలబడిందో ఆ లెక్కంతా పోయింది. డబ్బు కంటే నాకు అదే బాధ. వచ్చే పంటకి ఉపయోగపడేది అదే.

ఆ తర్వాత వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. బిల్లు, మెసేజ్‌లు దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను.

మీరు చేయాల్సింది ఇది. సగం డబ్బులు చేతిలో ఉంచుకోండి. వాళ్ళ ముందే పీసీ ప్లగ్ పీకేసి మళ్ళీ పెట్టండి, ఏ బటనూ నొక్కకుండా సర్వర్ తనంతట తాను లేవాలి. తర్వాత బ్యాకప్ తీయించి, అది వేరే మెషీన్‌లో ఎక్కించి నిన్నటి రీడింగులు చూపించమనండి. చూపించలేకపోతే మిగతా డబ్బు ఇవ్వకండి. అడ్మిన్ పాస్‌వర్డ్, టోకెన్ (సెన్సార్లు, ప్రోగ్రాములు డేటాబేస్‌లోకి వెళ్ళే కీ) మీ పుస్తకంలో రాయించుకోండి. రిటెన్షన్ (రీడింగులు దాచి ఉంచే గడువు) ఎన్ని రోజులు పెట్టారో కూడా అడగండి. 30 అని పెడితే అంతకు పాతవి వాటంతటవే చెరిగిపోతాయి, మన పంట నాలుగు నెలలు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనేవాళ్ళు మోడల్ 4 గానీ ఆపైది గానీ తీసుకుని 64 బిట్ ఓఎస్ వేయించండి, 32 బిట్ మీద వెర్షన్ 2 ఎక్కదు. మాక్‌లో హోమ్‌బ్రూ అనే టూల్‌తో ఎక్కించినా సర్వీసుగా స్టార్ట్ చేయాల్సిందే, లేకపోతే నా విండోస్ కథే.

ఇప్పుడు మా మేనల్లుడు, నేను కూర్చుని ఉబుంటు మీద మేమే వేసుకున్నాం. ఒక మధ్యాహ్నం పట్టింది. రోజూ రాత్రి బ్యాకప్ వేరే డిస్క్‌లోకి వెళ్తోంది. ఇప్పటికే మీ షెడ్డులో పీసీ మీద ఆ నల్ల విండో కనిపిస్తుంటే, సర్వీసుగా మార్చేదాకా రాత్రి కాపలా మనిషిని మాత్రం తగ్గించకండి.