ఎగ్జిమాకు ఏది మేలు: ఆక్యుపంక్చరా, పూతమందా?

"సూదులు పొడిపించుకున్నావట కదా, తగ్గిందా?" అని ఈ మూడు నెలల్లో అడగని చుట్టం లేదు. ఒక్క ముక్కలో చెప్తాను: దురద తగ్గింది, ఎగ్జిమా తగ్గలేదు.

ఎగ్జిమా అంటే చర్మం ఎండి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు. నాకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. పగలు పనిలో పడి మరిచిపోతాను. రాత్రి దుప్పట్లో ఒళ్లు కాస్త వెచ్చబడగానే మొదలు. తెల్లారి చూస్తే గోళ్ల సందుల్లో పొట్టు, దిండు గలీబు మీద ఎర్రటి చుక్కలు. అందుకే ఏ వైద్యమైనా నాకు ఎన్ని రాత్రుల నిద్ర ఇచ్చిందనేదే లెక్క.

ఆక్యుపంక్చర్‌లో దురదకు ఎక్కువగా ఎంచుకునే చోటు, మోచెయ్యి వంచితే మడత బయటి కొసన ఉంటుంది. సన్నటి సూది, చీమ కుట్టినంత నొప్పి, తర్వాత చెయ్యంతా ఏదో బరువు. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఆ రాత్రి నిజంగానే హాయిగా నిద్రపట్టింది. ఇది వట్టి నమ్మకమేమీ కాదు. 2010లో జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు ఎగ్జిమా ఉన్న 30 మందిలో అలర్జీ పదార్థంతో దురద పుట్టించి చూశారు. ఉత్తుత్తి చోట్ల గుచ్చినప్పటికంటే అసలు చోట్ల గుచ్చినప్పుడు దురద తక్కువగా ఉంది. అయితే వాళ్లు కొలిచింది అప్పటికప్పుడు పుట్టిన దురదనే. నా అనుభవమూ అలాగే ఉంది. మూడో రాత్రికి మళ్లీ గోకుడు. ఆరు సిట్టింగులూ అదే వరస.

ఎందుకంటే ఎగ్జిమా చర్మం తడిని పట్టి ఉంచలేదు. కొందరిలో పుట్టుకతోనే, చర్మంలో తడి నిలవడానికి తోడ్పడే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ తక్కువ. దానికీ ఎగ్జిమాకూ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. సూది దురదను అణచగలదేమో గానీ ఎండిన చర్మానికి తడి ఇవ్వలేదు. ఆ పని మాయిశ్చరైజర్‌దే. గోరువెచ్చటి నీళ్లతో స్నానం, తువ్వాలుతో అద్దుకోవడం, ఒంటి మీద చెమ్మ ఆరకముందే దండిగా రాసుకోవడం. ఎర్రబడ్డ చోట మాత్రం డాక్టరు రాసిచ్చిన స్టీరాయిడ్ క్రీము. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. పది రోజులకు నా మోచేతి మడత మెత్తబడింది, వరసగా రాత్రులు నిద్రపట్టింది.

స్టీరాయిడ్ అనగానే మనవాళ్లకు టెన్షన్. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఘాటు క్రీము ముఖానికీ గజ్జల్లోనూ నెలల తరబడి రాస్తే చర్మం పలచబడే మాట నిజమే. డాక్టరు చెప్పినన్ని రోజులే రాస్తే అంత భయం అక్కర్లేదు.

నేను వెళ్లిన చోట సూదులు వేసినాయన "క్రీములన్నీ మానేయండి" అన్నారు. మానేశాను. రెండో వారానికి మడతల్లో రసి కారింది. ఈ సలహా ఎవరిచ్చినా దయచేసి వినకండి. రసి కారే చోట సూది గుచ్చనివ్వకండి, సీలు విప్పని కొత్త సూదులేనా అని చూసుకోండి.

సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఎగ్జిమా దురదకు పెద్దగా పనిచేయవు. వేపాకు ముద్ద పగిలిన చర్మాన్ని మండిస్తుంది.

ఇప్పుడు నాకు రోజూ పూత తప్పదు. గోకుడు మరీ ఎక్కువైన వారం ఒక సిట్టింగుకి వెళ్తాను. రెండింటికీ డబ్బు చాలదంటే మాత్రం ముందు మాయిశ్చరైజర్ పెద్ద డబ్బా కొనుక్కోండి.