స్క్రైబస్: స్టేబుల్‌లో విరిగిన శ్రీ

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఇదే పని. చుట్టుపక్కల షాపుల్లో పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకి యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తాయి. నేను 2018 నుంచి స్క్రైబస్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, యూనికోడ్‌లో టైప్ చేసుకోవచ్చు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు ఉండనే ఉన్నాయి.

దీని వెర్షన్ నంబర్లలోనే గుట్టంతా ఉంది. మొదటి చుక్క తర్వాత సరిసంఖ్య ఉంటే స్టేబుల్, అంటే పనికి సిద్ధమైనది; బేసిసంఖ్య ఉంటే ఇంకా తయారవుతున్న టెస్ట్ వెర్షన్. అప్పట్లో 1.4 స్టేబుల్, 1.5 టెస్ట్. షాపు నడిపేవాడు ఏది పెట్టుకుంటాడు? నేనూ 1.4 పెట్టుకున్నాను.

మొదటి పని అరసవల్లి రథసప్తమి కరపత్రం. పైన ‘శ్రీ సూర్యనారాయణ స్వామి’ అని కొట్టాను. తెర మీద శ, దాని పక్కన పొల్లు, తర్వాత విడిగా ర. ‘స్వామి’లో వ ఒత్తు కిందికి దిగనే లేదు. వెనక నిలబడి చూస్తున్న పెద్దాయన, “ఏటి బాబూ, సామి పేరు ఇలా ఇరగ్గొట్టీసినావు?” అన్నారు. మా ఊరి పేరు కొట్టి చూస్తే అదీ అంతే.

తప్పు ఫాంటుది కాదు. ఒత్తులు, గుణింతాలు కలిపి కట్టే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ 1.4లో లేదు. అది 2017లో 1.5.3తో వచ్చింది. స్టేబుల్‌కి చేరింది 1.6తో, 2024 జనవరి 1న. 1.4 విడుదలైంది 2012లో. అంటే పన్నెండేళ్లు ఇంగ్లిష్‌కి స్టేబుల్ అయినది మనకి పనికే రాలేదు. ‘అసలైన పనులకు వాడొద్దు’ అని తయారుచేసినవాళ్లే చెప్పిన 1.5 మాత్రమే శ్రీ సరిగ్గా రాసింది. ఇక ఆలోచించడానికేముంది, దాంట్లోనే దిగాను.

సుఖంగా ఏమీ సాగలేదు. పెద్ద ఫోటో పెట్టి జూమ్ చేస్తే ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మూసుకుపోయేది. ఆటోసేవ్ సమయం తగ్గించుకుని, కంట్రోల్ ఎస్ నొక్కడం అలవాటు చేసుకున్నాక ఆ బాధ తగ్గింది.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఒక పెళ్లికార్డు ప్రూఫ్ ఓకే అయ్యాక, 1.5లోనే కొత్త వెర్షన్ వచ్చిందని ఎక్కించాను. మర్నాడు అదే ఫైలు తెరిచి ముహూర్తం పక్కన ఒక చుక్క సరిచేసి పీడీఎఫ్ తీసేశాను. కొత్త వెర్షన్‌లో వరసలు కొంచెం జరిగాయి. చివరి వరస, కళ్యాణమండపం చిరునామా, ఫ్రేము దాటిపోయింది. ఫ్రేము మూలన ఎర్ర గుర్తు వచ్చే ఉంటుంది, నేను చూడలేదు. 500 కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి మేనమామ పట్టుకున్నారు. కాగితం, కూలీ నా జేబులోంచే. స్క్రైబస్‌ని తిట్టుకున్నాను గానీ, పని మధ్యలో వెర్షన్ మార్చింది నేనే కదా.

ఇప్పుడు షాపు పనంతా 1.6లోనే. తెలుగుకి ఇక టెస్ట్ వెర్షన్ అక్కర్లేదు. 1.7 మీద సరదా ఉంటే, లినక్స్ వాడేవాళ్లు దాని యాప్‌ఇమేజ్ (ఒకే ఫైలుగా వచ్చే ప్రోగ్రామ్) దింపుకోండి, ఇన్‌స్టాల్ అక్కర్లేదు, 1.6 జోలికి రాదు. కానీ 1.7లో సేవ్ చేసిన ఫైలు మళ్లీ 1.6లో తెరుచుకోదు. విజయనగరంలో ఒక మిత్రుడికి అలాంటి ఫైలే పంపాను, అతని దగ్గరున్నది 1.6. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, “ఏం పంపావురా, తెరుచుకోవట్లేదు” అన్నాడు. అప్పట్నుంచి 1.7లో కాపీ ఫైలే తెరుస్తున్నాను, అతనికి పీడీఎఫ్ మాత్రమే పంపుతున్నాను.