బర్గండీ కాలువ మీద వారం: పడవ మనమే నడపాలా, హోటల్ పడవ ఎక్కాలా?

ఫ్రాన్సులోని బర్గండీ కాలువ పొడవు 242 కిలోమీటర్లు. దాని మీద 189 లాకులు, అంటే నీటిమట్టం పెంచో తగ్గించో పడవను ఎగువకో దిగువకో చేర్చే గేట్ల గదులు. మీ ఎంపికను తేల్చేది ఈ రెండో అంకే.

ఖర్చు: అద్దె పడవకు మొత్తం పడవ లెక్క, నలుగురు పంచుకుంటే భారం తగ్గుతుంది. డీజిల్, సరుకులు సాధారణంగా మనవే. హోటల్ పడవలో తలకింత. భోజనం, వైను, ద్రాక్షతోటల సందర్శన చాలావరకు అందులోనే, కానీ ధర బాగా ఎక్కువ.

శ్రమ: అద్దె పడవ నడపడానికి లైసెన్సు అక్కరలేదు, బయల్దేరే ముందు నేర్పిస్తారు. అసలు పని లాకులో ఉంది. ఒకరు రాతిగట్టు మీది దిమ్మెకు తాడు చుట్టి, కొస చేతిలోనే పట్టుకోవాలి. ముడి వేయకూడదు. నీరు దిగుతుంటే తాడు కొద్దికొద్దిగా వదలాలి, లేకపోతే పడవ దానికి వేలాడుతుంది. ఇలా రోజంతా. నాకైతే ప్రయాణంలో అసలైన ఆనందం ఇదే. హోటల్ పడవలో ఈ పని సిబ్బందిది.

వైను: కాలువ దిజోన్ నగరం గుండా వెళ్తుంది గానీ, పేరుమోసిన కోత్ ద న్వీ తోటలు ఊరికి దక్షిణాన ఉన్నాయి. హోటల్ పడవవాళ్లు వ్యానులో తీసుకెళ్తారు. మీరే నడిపితే బస్సో, రైలో, సైకిలో. తాగినవాళ్లు చుక్కాని పట్టకూడదు కాబట్టి రుచి చూసే రోజు పడవ ఒడ్డునే ఉండాలి.

ఒంట్లో సత్తువ ఉన్న స్నేహితులకు, వంట తామే చేసుకునే శాకాహారులకు అద్దె పడవ. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో, వైను కోసమే వెళ్తుంటే, హోటల్ పడవ.