బీఏఎస్ఎల్‌పీ చదివి, అదే పనిలో ఉన్నాక రాస్తున్న సమీక్ష

డిగ్రీ పూర్తయి కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నమ్మకంగా చెప్పగలను. బీఏఎస్ఎల్‌పీ అంటే వినికిడి పరీక్షలు, స్పీచ్ థెరపీ రెండూ నేర్పే నాలుగేళ్ల డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. నీట్‌లో సీటు రానివాళ్లు చాలామంది ఇదేదో సులువైన కోర్సు అనుకుని చేరతారు. సులువు కాదు.

మొదట్లోనే ఫిజిక్స్ తగులుతుంది. 20 డెసిబెల్స్ పెరిగితే ధ్వని పీడనం 10 రెట్లవుతుందన్న లెక్క దగ్గర బైపీసీ వాళ్లకు టెన్షన్ మొదలు. దానితోపాటే చెవి, స్వరపేటికల అనాటమీ, సైకాలజీ, భాషాశాస్త్రం. నాకు భాషాశాస్త్రం క్లాసులంటే ప్రాణం, ళ, ణ పలికేటప్పుడు నాలుక ఎలా వెనక్కి మడుచుకుంటుందో తెలిశాకే ఆ అక్షరాలు రాని పిల్లలకు ఎలా నేర్పాలో అర్థమైంది.

అసలు చదువంతా క్లినిక్‌లోనే. ఆడియోమెట్రీలో, అంటే వినికిడి పరీక్షలో, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా శబ్దాలు వినిపించి, గ్రాఫు మీద కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ పెట్టడం తొందరగానే వచ్చేస్తుంది. మాస్కింగ్ మాత్రం అంత తేలిగ్గా రాదు. వినపడని చెవికి మనం ఇచ్చిన శబ్దాన్ని పుర్రె ఎముక మీదుగా బాగున్న చెవి పట్టేసుకుంటుంది, పేషెంటు వినపడిందని చెయ్యెత్తేస్తారు, మనం రాసుకున్న రిపోర్టు తప్పవుతుంది. అందుకే బాగున్న చెవిలో హోరు పెట్టి పరీక్షించాలి, ఆ హోరు ఎంత ఉండాలో లెక్క పక్కాగా ఉండాలి. ఇది వచ్చేదాకా వదలకండి.

ఇంకొకటి, ఈ పనిలో సగం ఇంట్లోవాళ్లతో మాట్లాడటమే. పాపకు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టించాక "ఆపరేషన్ అయిపోయింది కదా మేడం, ఇంకా రావాలా?" అని అడుగుతారు. పాపకు వినడం నేర్పే పని ఇప్పుడే మొదలైందని ఓపిగ్గా చెప్పాలి. రోజూ పొద్దున్నే నోరు కనపడకుండా ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ పలికి పాపకు వినపడుతున్నాయో లేదో చూడమని వాళ్లమ్మకు నేర్పాలి.

నాకున్న పెద్ద అసంతృప్తి తెలుగు సామగ్రి గురించే. మేం చదివిన పుస్తకాల్లో ఉదాహరణలన్నీ ఇంగ్లిష్ పిల్లలవే, తెలుగు పదాలకు బొమ్మల కార్డులు మేమే తయారు చేసుకునేవాళ్లం. పైగా మా కాలేజీకి పక్షవాతంతో మాట పోయినవాళ్లు చాలా తక్కువగా వచ్చేవారు, ఆ పని ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. మొదట్లో జీతాలు కూడా తక్కువే.

మైసూరులో 1965 నుంచి ఉన్న ఐష్‌ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ)లో గానీ, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గానీ సీటొస్తే ఆలోచించకుండా చేరండి. ప్రైవేటు కాలేజీ అయితే మీరు చేరే బ్యాచ్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి, అది లేకపోతే రేపు మీకు రిజిస్ట్రేషన్ నంబరు రాదు, ప్రాక్టీసు చేయలేరు. ఫీజు కట్టేముందు ఒక పూట వాళ్ల ఓపీ దగ్గర కూర్చుని ఎంతమంది, ఏ సమస్యలతో వస్తున్నారో చూడండి, సీనియర్లనూ అడగండి.