ఆల్సాస్ ‘కోట + వైన్’ టూరు కొంటున్నారా? కోట లోపలికి టికెట్ ఉందో లేదో ముందు చూసుకోండి

ఫ్రాన్స్‌లో ఆల్సాస్ వెళ్ళే మనవాళ్ళకు ఒక జాగ్రత్త. స్ట్రాస్‌బర్గ్ నుంచో కోల్మార్ నుంచో ఒక్క రోజులో ఓ-కోనిగ్స్‌బూర్ కోట, మూడు నాలుగు ఊళ్ళు, వైన్ రుచి అంటూ అమ్మే ప్యాకేజీల్లో కొన్నింటిలో అసలు కోట లోపలికి ప్రవేశమే ఉండదు. ప్రకటనలో బొమ్మ మాత్రం కోటదే! పైన ‘కోట సందర్శన’ అని పెద్దగా రాసి, ఎక్కడో అడుగున ‘ఎంట్రీ అదనం’ అనో ‘ఫొటో స్టాప్’ అనో పెడతారు. బస్సు గోడ బయట కాసేపు ఆగి బయల్దేరుతుంది. డబ్బు వాపసు అడిగితే ఆ అడుగు లైనే చూపిస్తారు. కట్టే ముందే ‘టికెట్ కలిపేనా, లోపల ఎంతసేపు?’ అని రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

ఎంట్రీ ఉన్న టూరైనా అరగంట ఇస్తే దండగే. కోట 757 మీటర్ల ఎత్తున, కొండ కొమ్మున ఉంది. లోపల ఇరుకు మెలిక మెట్లు, వంటిల్లు, 62 మీటర్ల లోతు బావి, కైజర్ హాలు, ఆయుధాల గది, చివర పడమటి బురుజు. తొందరపడకుండా చూడాలంటే గంటన్నర కావాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఈ మెట్లు కష్టం, పసిపిల్లల బండి పనికిరాదు. ఇవేవీ ప్యాకేజీ పేజీలో కనిపించవు.

‘తొమ్మిది వందల ఏళ్ళ కోట యథాతథంగా’ అని చెప్పే గైడు మాట నమ్మకండి. 12వ శతాబ్దపు కోటే, కానీ యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో 1633లో స్వీడన్ సేనలు ముట్టడించాక పాడుబడింది. ఆల్సాస్ అప్పట్లో జర్మనీ చేతిలో ఉండేది; జర్మన్ చక్రవర్తి (కైజర్) రెండో విల్‌హెల్మ్ కోసం బోడో ఎబార్ట్ అనే ఆర్కిటెక్టు 1900–1908 మధ్య తిరిగి కట్టించాడు. ఇప్పుడు కళ్ళకు కనిపించేది చాలావరకు ఆ పనే. చూడదగ్గదే, కాకపోతే ఏం చూస్తున్నామో తెలిసి చూడాలి.

సొంతంగా వెళ్ళడం పెద్ద కష్టం కాదు. రైల్లో వెళ్ళి సెలెస్టా అనే ఊళ్ళో దిగండి, స్టేషన్ నుంచి కోటకు బస్సుంది. అసలు మెలిక అక్కడే: ఆ బస్సు ఏడాది పొడవునా ప్రతిరోజూ తిరగదు. మీ తేదీకి ఉందో లేదో, చివరి తిరుగు బస్సు ఎప్పుడో చూసుకున్నాకే రైలు టికెట్ తీసుకోండి. కోట టికెట్ కోట సొంత సైటులోనే కొనండి. చలికాలంలో త్వరగా మూస్తారు, మూసే వేళకు ముందే టికెట్లు ఆపేస్తారు. మధ్యాహ్నం దాటాక కోటకు చేర్చే టూరు అందుకే ప్రమాదం. కారులో వెళ్తే మ్యాపులో పేరు సరిచూసుకోండి. దిగువన కింట్‌జైమ్ ఊళ్ళో గద్దల ప్రదర్శన జరిగే శిథిల కోట వేరే ఉంది, చాలామంది అక్కడికి చేరి తికమకపడతారు.

వైన్ సంగతి. ఓర్ష్‌విల్లేర్, కింట్‌జైమ్ లాంటి కింది ఊళ్ళలో కొనేలా ఉంటే చాలాచోట్ల ఊరికే రుచి చూపిస్తారు, దానికి ప్యాకేజీలో విడిగా కట్టడం ఎందుకు? ఆదివారం మాత్రం చాలా సెల్లార్లు (వైన్ తయారుచేసి అమ్మే చోట్లు) మూత. గెవుర్ట్స్‌ట్రామినర్ అనే ఇక్కడి తెల్ల వైన్ తియ్యగా ఉండొచ్చు, తీపి వద్దంటే సీసా మీద ‘సెక్’ అని ఉన్నది తీసుకోండి. 2021 పంట నుంచి తీపి స్థాయిని లేబుల్ మీద రాయాల్సిందే. బండి నడిపేవాళ్ళు రుచి చూసి ఉమ్మేయాలి, ఫ్రాన్స్‌లో హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు.

ఇంటికి తేవాలంటే చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే, అంటే 75 సెంటీలీటర్ల సీసాలు రెండు. మూడోది పెడితే 2.25 లీటర్లవుతుంది, కస్టమ్స్ దగ్గర సుంకం కట్టాలి.