జావా థ్రెడ్‌లు: పదహారేళ్ల వాడకం తరువాత

అమీర్‌పేటలోని ఒక శిక్షణ కేంద్రంలో 2009లో నేను జావా ప్రోగ్రామింగ్ భాష ఆరో వెర్షన్ నేర్చుకున్నప్పుడు థ్రెడ్‌ల (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో సాగే పనుల వరుసల) పాఠం రెండు గంటల్లో ముగిసిపోయింది. చేయవలసిన పనిని రన్ అనే మెథడ్‌లో రాసి, దానిని మొదలుపెట్టే స్టార్ట్‌ను పిలిస్తే చాలన్నారు. రెండు థ్రెడ్‌లు ఒకే డేటాపై చేయి వేస్తే ఏమవుతుందో మాత్రం మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఒక అర్ధరాత్రి తెలిసివచ్చింది.

మా సర్వర్‌లో ఒక హ్యాష్‌మ్యాప్‌ను (పేరును బట్టి విలువను వెతికిపెట్టే పట్టికను) అనేక థ్రెడ్‌లు ఏ లాకూ, అంటే ఒకసారికి ఒక్కదాన్నే అనుమతించే ఏర్పాటూ, లేకుండా వాడుకునేవి. నెలల తరబడి సవ్యంగా నడిచిన ఆ కోడ్ ఆ రాత్రి ఒక ప్రాసెసర్ కోర్‌ను నూటికి నూరు శాతం వద్ద బిగించేసింది. ఏ థ్రెడ్ ఎక్కడుందో చూపే థ్రెడ్ డంప్ తీసి చూస్తే ఒక థ్రెడ్ మ్యాప్ నుంచి విలువ తెచ్చే గెట్ మెథడ్‌లోనే గిరగిరా తిరుగుతోంది. రెండు థ్రెడ్‌లు ఒకేసారి మ్యాప్ పరిమాణాన్ని పెంచబోగా లోపలి లింకులు వలయంగా ముడిపడ్డాయి. నేరం జావాది కాదు, డాక్యుమెంటేషన్ చదవని మాది. అనేక థ్రెడ్‌లు ఒకేసారి వాడినా చెడని కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ పెట్టడంతో సమస్య తీరింది. కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్ లీ నాయకత్వంలో రూపొంది 2004లో జావా 5తో వచ్చిన కాంకరెన్సీ ప్యాకేజీలోది అది. ఈ భాషలో నాకు అత్యంత నమ్మకమైన భాగం నేటికీ ఆ ప్యాకేజీయే.

2014లో జావా 8 తెచ్చిన లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు) కోడ్‌ను కుదించాయి గాని, ఒక పని ముగిశాక మరొకటి నడిచేలా కూర్చే కంప్లీటబుల్‌ఫ్యూచర్ గొలుసులలో తప్పు ఎక్కడ పుట్టిందో స్టాక్ ట్రేస్ (తప్పు వరకు సాగిన పిలుపుల జాబితా) చూసి కనిపెట్టడం మా బృందంలో ఎవరికీ సులభం కాలేదు.

అందుకే 2023 సెప్టెంబరులో జావా 21తో స్థిరపడిన వర్చువల్ థ్రెడ్‌ల (జావాయే నడిపే తేలికపాటి థ్రెడ్‌ల) కోసం ఆత్రంగా ఎదురుచూశాను. నెట్‌వర్క్ జవాబు కోసం ఆగినప్పుడు ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ను వదిలేస్తాయి కనుక, వరుసగా చదువుకోదగిన మామూలు కోడ్‌తోనే వేల అభ్యర్థనలను మోయవచ్చు. లెక్కలు వేసే పనికి వీటివల్ల వేగం పెరగదు. మాకు రెండు చిక్కులు ఎదురయ్యాయి. సింక్రొనైజ్డ్ బ్లాక్‌లో (జావాలోని అంతర్నిర్మిత లాక్ కింద నడిచే కోడ్‌లో) ఉండగా ఆగిన వర్చువల్ థ్రెడ్ తన కింది ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ను వదిలేది కాదు. అందువల్ల కొన్నిచోట్ల రీఎంట్రంట్‌లాక్ అనే మరో రకం లాక్‌కు మారాము. ఈ ఇబ్బందిని 2025లో జావా 24 చాలావరకు తొలగించింది. రెండోది మా స్వయంకృతం. థ్రెడ్‌లు వేలల్లో ఉన్నా డేటాబేస్ కనెక్షన్లు యాభయ్యే ఉండటంతో రద్దీ అంతా అక్కడికి చేరింది. ఒకేసారి ఎన్ని థ్రెడ్‌లు వెళ్లవచ్చో పరిమితం చేసే సెమాఫోర్‌తో దానిని కట్టడి చేయవలసి వచ్చింది.

పాత కోడ్ దాదాపు యథాతథంగా నడవడం మెచ్చదగినదే. అయితే సంబంధమున్న పనులను ఒకే గుంపుగా నడిపి ముగించే స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ జావా 25లో కూడా ప్రివ్యూ (ఇంకా మారగల ప్రయోగ) దశ దాటకపోవడం నిరాశ కలిగించింది. దానిని ప్రొడక్షన్‌లోకి, అంటే వినియోగదారులు వాడే అసలు సర్వర్లలోకి, రానివ్వలేదు. ఆగివున్న థ్రెడ్‌ను పని విరమించమని కోరినప్పుడు వచ్చే ఇంటరప్టెడ్‌ఎక్సెప్షన్‌ను పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే అలవాటు మాత్రం ఏ వెర్షన్ వచ్చినా పోలేదు. అటువంటి ఖాళీ క్యాచ్ బ్లాక్ కనిపిస్తే నేను ఇప్పటికీ కోడ్‌ను వెనక్కి పంపుతున్నాను.